లైట్నింగ్ ట్రక్కుకు 4.10 క్రౌన్-పినియన్, దానికి తగ్గ గేర్‌బాక్స్

ఇక్కడ మాట్లాడేది 1999–2004 ఫోర్డ్ ఎస్‌వీటీ ఎఫ్-150 లైట్నింగ్ గురించి. సూపర్‌చార్జర్ ఉన్న 5.4 లీటర్ల వీ8 ఇంజను, నాలుగు గేర్ల 4ఆర్100 ఆటోమేటిక్, వెనక 9.75 అంగుళాల యాక్సిల్. 1999, 2000 బళ్లకు ఫ్యాక్టరీ రేషియో (చక్రం ఒక చుట్టు తిరగడానికి ప్రొపెల్లర్ షాఫ్ట్ తిరిగే చుట్లు) 3.55, 2001 నుంచి 3.73. ఆ రేషియోను నిర్ణయించేది యాక్సిల్ లోపలి పెద్ద, చిన్న పళ్ల చక్రాల జత. అమెరికా కేటలాగుల్లో ‘రింగ్ అండ్ పినియన్’ అని ఉండేదే విజయవాడ ఆటోనగర్‌లో క్రౌన్-పినియన్. ఆ మాటే వాడుతున్నాం.

ముందు లెక్క

4.10 వేస్తే బండి లేస్తుందని అందరూ చెబుతారు. ఎక్కడిదాకా లేస్తుందో చూసుకోవాలి. 295/45 ఆర్18 టైరు ఎత్తు దాదాపు 28.4 అంగుళాలు, అంటే మైలుకు సుమారు 709 చుట్లు. గంటకు 70 మైళ్ల వేగంలో, ఓవర్‌డ్రైవ్‌లో (0.71), టార్క్ కన్వర్టర్ (ఇంజను బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్సుకు అందించేది) జారకుండా లాకై ఉండగా ఇంజను 3.55తో 2,080, 3.73తో 2,190, 4.10తో 2,400 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతుంది. పెట్రోలు కొంచెం ఎక్కువ తాగుతుంది, భరించలేనంత కాదు.

అసలు చిక్కు క్వార్టర్ మైలు డ్రాగ్ రేసు చివర్లో ఉంది. గీత దాటేటప్పుడు బండి మూడో గేర్లో ఉంటుంది, దాని రేషియో 1.00. గంటకు 100 మైళ్లతో గీత దాటే బండికి 4.10తో ప్రొపెల్లర్ షాఫ్ట్ 4,850 దాకా తిరుగుతుంది. కన్వర్టర్ జారుడు ఓ అయిదు శాతం కలిపితే ఇంజను 5,100. ఈ ఇంజను గరిష్ఠ బలం 4,750 దగ్గర వస్తుంది కాబట్టి అతికినట్టు సరిపోతుంది. సూపర్‌చార్జర్‌కు చిన్న పుల్లీ వేసి బలం పెంచి, 115 మైళ్లతో దాటే బండికి అదే లెక్క 5,850 అవుతుంది. అంతకు ముందే ఇంజను ఆర్‌పీఎంను ఆపే లిమిటర్ కొట్టేస్తుంది. గీతకు ముందు ఓవర్‌డ్రైవ్‌లోకి మారితే గేర్లతో సంపాదించిందంతా అక్కడ పోగొట్టుకున్నట్టే.

కాబట్టి 3.55 బండికి 4.10 నిశ్చింతగా వేయొచ్చు. 3.73 ఉండి ఇంజను ముట్టుకోని బండికీ బాగుంటుంది. బాగా బలం పెంచిన బండి మాత్రం 3.73తోనే ఉండి, ఆ డబ్బు గేర్‌బాక్సులో పెట్టడం మేలు. రోడ్డు మీద తిరిగే లైట్నింగ్‌కు 4.56 అనవసరం. రేషియో పెరిగేకొద్దీ పినియన్ చిన్నదై పళ్ల బలం తగ్గుతుంది.

4.10 లాంటి పొట్టి గేర్లు గేర్‌బాక్సును తినేస్తాయని ఒక భయం ఉంది. జరిగేది దానికి ఎదురు. టైరు జారే దాకా చక్రానికి కావలసిన తిప్పుడు బలం ఎంతో ఒకటే, 4.10తో అది గేర్‌బాక్స్ దగ్గర 3.73 కన్నా తొమ్మిది శాతం తక్కువతోనే వచ్చేస్తుంది. అయితే ఇప్పటికే జారుతున్న గేర్‌బాక్సును గేర్లు బాగుచేయవు. రెండు నుంచి మూడుకు మారేటప్పుడు ఆర్‌పీఎం ఒక్కసారి ఎగిసి పడుతోందా? ఆయిల్ మాడు వాసన వస్తోందా? ముందు గేర్‌బాక్స్ దించండి, గేర్ల మాట తర్వాత.

యాక్సిల్ పనికి ఏం కావాలి

9.75కు సరిపడే 4.10 సెట్, బేరింగులు, పినియన్ సీల్, నట్టు, క్రష్ స్లీవ్ (పినియన్ బేరింగుల మధ్య నలిగి బిగుతు నిలిపే గొట్టం), షిమ్‌లు (సందు సర్దే పలచని బిళ్లలు), మార్కింగ్ పేస్టు అన్నీ ఉన్న పూర్తి కిట్, కొత్త క్రౌన్ బోల్టులు, రెండు యాక్సిల్ సీళ్లు. లిమిటెడ్ స్లిప్ క్లచ్ ప్లేట్లు కూడా ఇదే ఊపులో మార్చేయండి, మళ్లీ విప్పే ఓపిక ఎవరికీ ఉండదు. డబ్బా విప్పగానే పళ్లు లెక్కపెట్టండి. క్రౌన్‌కు 41, పినియన్‌కు 10 ఉంటే 4.10. రెండింటి మీదా చెక్కిన జత నంబరు ఒకటే ఉండాలి. వేరైతే ఆ సెట్ ఎంత సర్దినా ఊళ పెడుతుంది.

పనిముట్లలో మూడింటికి ప్రత్యామ్నాయం లేదు. మాగ్నెట్ స్టాండు ఉన్న డయల్ గేజ్, మైక్రోమీటర్, అంగుళం-పౌండ్లలో చదివే ముల్లు టార్క్ రెంచి. క్లిక్‌మనే రెంచితో ప్రీలోడ్ (బేరింగుల బిగుతు) కొలవలేరు. బేరింగులకు ప్రెస్ కావాలి, అది లేకపోతే లేత్ షాపులో ఎక్కించుకోండి.

విప్పడం

బండిని చాసిస్ కింద గట్టి స్టాండ్ల మీద నిలపండి. ప్రొపెల్లర్ షాఫ్ట్‌కూ ఫ్లాంజ్‌కూ పెయింటుతో గుర్తు పెట్టి ఊడదీయండి, లేదంటే తర్వాత వణుకు పట్టుకుంటుంది. ఏబీఎస్ సెన్సర్‌ను ముందే హౌసింగ్ మీంచి తీసేయండి. క్రౌన్ పక్కనే దాని పళ్ల రింగు ఉంటుంది, ప్రై బార్ దానికి తగలకూడదు. కవరు తీసి ఆయిల్ కారనిచ్చాక అప్పుడే ఏదీ కదిలించొద్దు. పాత బ్యాక్‌లాష్ (క్రౌన్, పినియన్ పళ్ల మధ్య వదులు) కొలిచి, పాత పళ్ల మీద పేస్టు రాసి ముద్ర ఫొటో తీసుకోండి. ఫ్యాక్టరీ సర్దుబాటు ఎక్కడుందో చెప్పే సాక్ష్యం అదొక్కటే.

క్రాస్ షాఫ్ట్‌ను పట్టి ఉంచే సన్నని లాక్ బోల్టుతో జాగ్రత్త. తుప్పు, థ్రెడ్‌లాకర్ కలిసి బిగుసుకుని ఉంటుంది, ఒక్క గుంజు గుంజితే తల ఊడుతుంది. హీట్ గన్‌తో వేడి చేసి, ఆరు మూలల సాకెట్ వేసి మెల్లగా తిప్పండి. షాఫ్ట్ బయటికి వచ్చాక యాక్సిళ్లను లోపలికి నెడితే వాటిని పట్టి ఉంచే సీ-క్లిప్‌లు చేతిలోకి జారతాయి. బేరింగ్ క్యాపుల మీద ఎడమ, కుడి, పైన, కింద పంచ్ గుర్తులు పెట్టండి. అవి మారితే బేరింగు కుదరదు. రెండు పక్కల షిమ్‌లనూ వేర్వేరు సంచుల్లో వేసి, మందం కొలిచి పైన రాయండి. పినియన్ తల కింద ఉన్న షిమ్ మందం అన్నిటికన్నా ముఖ్యం, మైక్రోమీటర్‌తో నాలుగు చోట్ల కొలవండి.

ముద్ర చదవడం

అసలు పనంతా ఇక్కడే. పాత పినియన్ బేరింగు లోపలి రంధ్రాన్ని ఎమరీతో రాసి, చేత్తో ఎక్కేలా వదులు చేసుకోండి. అదే మీ ట్రయల్ బేరింగు. కొత్త బేరింగును ప్రెస్ మీద పది సార్లు ఎక్కించి దించితే అది పాడైపోతుంది.

పాత షిమ్ మందంతోనే మొదలుపెట్టండి. క్రష్ స్లీవ్ లేకుండా పినియన్ కూర్చోబెట్టి, వదులు పోయే దాకా మాత్రమే నట్టు బిగించండి. క్యారియర్ (క్రౌన్‌ను మోసే భాగం) పెట్టి బ్యాక్‌లాష్‌ను కిట్ కాగితంలో చెప్పిన మేరకు తీసుకురండి. రోడ్డు బళ్ల కొత్త సెట్లకు మామూలుగా 0.006 నుంచి 0.010 అంగుళాలు, లేత్ షాపు భాషలో ఆరు నుంచి పది థౌ. క్రౌన్ వెనక పక్క షిమ్ మందం పెంచితే క్రౌన్ పినియన్ వైపు జరిగి బ్యాక్‌లాష్ తగ్గుతుంది. ఒక పక్క ఎంత కలిపితే రెండో పక్క అంత తీయాలి, అప్పుడే బేరింగుల బిగుతు మారదు. చుట్టూ నాలుగు చోట్ల కొలవండి. నాలుగు థౌలకు మించి తేడా ఉంటే క్రౌన్ కింద మట్టో బరకో చిక్కింది.

ఇప్పుడు మూడు నాలుగు పళ్ల మీద పేస్టు గంధం పూసినట్టు పలచగా రాయండి. గుడ్డ చుట్టిన బార్‌తో క్రౌన్‌ను కాస్త ఆపుతూ పినియన్‌ను రెండు పక్కలకూ తిప్పితే ముద్ర పడుతుంది. ముద్ర పంటి అడుగుకు దిగితే పినియన్ మరీ లోపలికి వెళ్లింది, షిమ్ తగ్గించాలి. పంటి పై అంచుకు ఎక్కితే పినియన్ దూరంగా ఉంది, షిమ్ పెంచాలి. మొదట అయిదు థౌలు మార్చి ముద్ర ఎటు కదిలిందో చూడండి, తర్వాత రెండేసి చొప్పున. షిమ్ మారిన ప్రతిసారీ బ్యాక్‌లాష్ కూడా మారుతుంది, మళ్లీ సరిచేయకుండా ముద్ర చూస్తే అది అబద్ధం చెబుతుంది.

లోపలి సన్న కొసకో బయటి వెడల్పు కొసకో ముద్ర పోతే అది ఎక్కువగా బ్యాక్‌లాష్ వ్యవహారం. కొసల విషయంలో మరీ పట్టుపట్టకండి. అడుగుకీ పై అంచుకీ మధ్యలో ఉందా, అంచుల దగ్గర గీత గీసినట్టు తెగిపోకుండా మెత్తగా మాసిపోతోందా, అది చూడండి. ముందుకు నడిచే పక్క బాగుండి, వెనక పక్క కాస్త పక్కకు పోతే ఫరవాలేదు. మొదటిసారి చేసేవారికి ఈ ఒక్క పనికే పూట పడుతుంది.

క్రష్ స్లీవ్

ముద్ర కుదిరాక అసలు బేరింగులు ప్రెస్ చేసి, కొత్త స్లీవ్, కొత్త సీల్, కొత్త నట్టుతో బిగించడం. స్లీవ్ నలగడం మొదలవ్వాలంటే 200 అడుగు-పౌండ్లకు పైనే పడుతుంది, కాబట్టి పొడవాటి బార్, ఫ్లాంజ్ ఆపే పట్టీ ఉండాలి. ఎయిర్ గన్‌తో ఇది చేయకండి. కదలిక పోయిన క్షణం నుంచి బిగుతు చాలా తొందరగా ఎక్కుతుంది, గన్ ఒక్క సెకను ఎక్కువ కొడితే స్లీవ్ పోయినట్టే. గడియారం ముల్లు రెండు నిమిషాలు కదిలినంత తిప్పడం, పినియన్‌ను పదిసార్లు చేత్తో తిప్పి రోలర్లను కూర్చోబెట్టడం, ముల్లు రెంచి పెట్టి తిరుగుతూ ఉండగా చదవడం. కదిలే తొలి క్షణం అంకె లెక్కలోకి రాదు. కొత్త బేరింగులకు 16 నుంచి 29 అంగుళం-పౌండ్ల మధ్య రావాలి, క్యారియర్, యాక్సిళ్లు లేకుండా. దాటిపోతే నట్టు వదులు చేసి మళ్లీ బిగించడం మోసం. నలిగిన స్లీవ్ తిరిగి నిలవదు, కొత్తది వేయాల్సిందే. అందుకే స్లీవులు రెండు కొనుక్కోండి.

క్రౌన్ బోల్టులకు ఎర్ర థ్రెడ్‌లాకర్ రాసి ఎదురెదురుగా దశలవారీగా బిగించండి. క్యారియర్ షిమ్‌లు వేళ్లతో జారిపోతే బిగుతు లేదని అర్థం, రబ్బరు సుత్తితో నాలుగు దెబ్బలు అడగాలి. చివరగా బ్యాక్‌లాష్, ముద్ర మరోసారి. కవరుకు ఆర్‌టీవీ సీలెంట్ సన్నగా పూసి గంట ఆరనివ్వండి. 75డబ్ల్యూ-140 సింథటిక్ ఆయిల్ సుమారు రెండున్నర లీటర్లు, దానితో 4 ఔన్సుల ఫ్రిక్షన్ మాడిఫయర్. కొత్త క్లచ్ ప్లేట్లను ముందే ఆ ద్రవంలో నానబెట్టి ఉంచాలి. ఇది మరిచిపోతే మలుపుల్లో వెనక నుంచి టకటకమని గొడవ మొదలవుతుంది.

గేర్‌బాక్స్

4ఆర్100 పాత ఈ4ఓడీ వంశం, ఇనుప కడ్డీ లాంటిదని పేరు. కానీ ఈ ట్రక్కు సుమారు 2,100 కిలోల బరువు, పైగా అడుగునుంచే టార్క్ ఇచ్చే ఇంజను. మొదట అలసిపోయేది కన్వర్టర్ లాకప్ క్లచ్, తర్వాత డైరెక్ట్, ఇంటర్మీడియట్ క్లచ్‌లు. బలం ఇంకా పెంచితే ఇన్‌పుట్ షాఫ్ట్.

ఎటూ దించుతున్నప్పుడు మంచి వాల్వ్ బాడీ కిట్, మెరుగైన ఫ్రిక్షన్ ప్లేట్లు, కొత్త సోలినాయిడ్ ప్యాక్, బలం బాగా పెంచే ఆలోచన ఉంటే గట్టి ఉక్కు ఇన్‌పుట్ షాఫ్ట్ వేయించండి. కన్వర్టర్ స్టాల్ (బండిని బ్రేకు మీద ఆపి తొక్కితే ఇంజను ఎక్కే ఆర్‌పీఎం) 2,400–2,800 చాలు. సూపర్‌చార్జర్ ఇంజనుకు కింద టార్క్ కొరత లేదు, 3,500 స్టాల్ పెడితే ట్రాఫిక్‌లో ఆయిల్ కాచడం తప్ప లాభం లేదు. ఫుల్ త్రాటిల్‌లో లాక్ చేయాలనుకుంటేనే మల్టీ-డిస్క్ లాకప్ కన్వర్టర్‌కు డబ్బు పెట్టండి.

పాత గేర్‌బాక్స్ కాలి దిగి ఉంటే కూలర్‌ను కడిగి సరిపెట్టకండి. దాని సందుల్లో ఇరుక్కున్న పొడి కొత్త క్లచ్‌లను తినేస్తుంది. కూలర్ మార్చి, రిటర్న్ పైపులో మాగ్నెట్ ఫిల్టర్ పెట్టండి. పాత ఫిల్టర్ తీసినప్పుడు దాని సీల్ పైన కేసులోనే అతుక్కుని ఉండిపోతుంది. చూడకుండా కొత్తది ఎక్కిస్తే పంపు గాలి పీల్చి, ప్రెషర్ నిలవదు.

ఎక్కించేటప్పుడు జరిగే పెద్ద తప్పు ఒకటుంది. కన్వర్టర్ పూర్తిగా వెనక్కి కూర్చోకుండానే బెల్‌హౌసింగ్ బోల్టులతో లాగేయడం. కన్వర్టర్ తిప్పుతూ నెడితే మెట్టు మెట్టుగా, ధడ్‌మని దిగుతుంది, చివరి మెట్టు పంపుది. గేర్‌బాక్స్ ఇంజనుకు చేతులతో ఆనాక కన్వర్టర్ ఇంకా స్వేచ్ఛగా తిరగాలి, ఫ్లెక్స్‌ప్లేట్‌కు ముందుకు లాగడానికి కొద్ది మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. లేదంటే బోల్టులు వదిలి మళ్లీ చూడండి. లాగి బిగిస్తే పంపు గేరు స్టార్ట్ చేసిన మొదటి సెకనులోనే పగులుతుంది.

ఆయిల్ ఒకేసారి పోయకండి. స్టార్ట్ చేసే ముందు కొంత, స్టార్ట్ చేసి బ్రేకు మీద అన్ని గేర్లూ మార్చి మరికొంత, వేడెక్కాక పార్కులో ఇంజను నడుస్తుండగా డిప్‌స్టిక్ చూసి మిగతాది.

కంప్యూటరుకు చెప్పడం, తొలి మైళ్లు

ట్యూన్‌లో యాక్సిల్ రేషియో, టైరు మైలుకు తిరిగే చుట్లు, షిఫ్ట్ పాయింట్లు, లాకప్ పట్టిక మార్పించాలి. లేకపోతే స్పీడోమీటర్ తప్పుతుంది, షిఫ్టులు వేళకు పడవు, తప్పు గేర్‌బాక్స్ పని మీదికి తోసేస్తారు.

మొదటి 20 మైళ్లు మెల్లగా నడిపి అర్ధగంట చల్లారనివ్వండి. అలా రెండు మూడు సార్లు. కొత్త పళ్లు ఒకదాన్నొకటి నునుపు చేసుకునేటప్పుడు ఆయిల్ బాగా కాగుతుంది, అప్పుడే గట్టిగా తొక్కితే పంటి పైపొర దెబ్బతింటుంది. 500 మైళ్ల దాకా ట్రైలర్ లాగొద్దు.

పెడల్ తొక్కినప్పుడే ఒక వేగంలో ఊళ వస్తే ముద్ర తప్పింది. పెడల్ వదిలినప్పుడే వస్తే పినియన్ బిగుతో, వెనక పక్క ముద్రో అనుమానించాలి. తొక్కినా వదిలినా ఒకేలా గుర్రుమంటే బేరింగు. 60 మైళ్లు దాటాక వణుకు వస్తే ప్రొపెల్లర్ షాఫ్ట్ గుర్తులు కలిశాయో లేదో చూడండి.

500 మైళ్లకు యాక్సిల్ ఆయిల్ మార్చేయండి. అయస్కాంతానికి బూడిద రంగు మెత్తని పేస్టు అంటుకుని ఉంటే మామూలే. వేళ్ల మధ్య నలిపినప్పుడు గోటికి తగిలే రేకులు ఉంటే ఆయిల్ పోయకుండా డయల్ గేజ్ బయటికి తీయండి.