చిన్న లేత్‌కి డై హోల్డర్ ఎలా చేయాలి?

రాడ్ మీద డైని (థ్రెడ్ కోసే గుండ్రటి బిళ్ళని) చేత్తో తిప్పి థ్రెడ్ కొడితే ఒక పక్కకి ఒరుగుతుంది. నట్టు ఎక్కిస్తే తల ఊపుకుంటూ పోతుంది. టెయిల్‌స్టాక్‌లో (లేత్ కుడి చివర జరిగే భాగంలో) కూర్చుని ముందుకి జారే హోల్డర్ ఉంటే ఈ గోల ఉండదు.

కావలసినవి: 40 మి.మీ. ఎమ్ఎస్ (మైల్డ్ స్టీల్, అంటే మెత్తటి ఉక్కు) రాడ్ 55 మి.మీ. ముక్క, చివర మెత్తగా ఉండే ఎమ్‌టీ 2 ఆర్బర్ (టెయిల్‌స్టాక్‌లో దిగే మోర్స్ టేపర్ 2 సైజు వాలు కడ్డీ), మూడు ఎం5 గ్రబ్ స్క్రూలు (తల లేని మరలు), హ్యాండిల్‌కి 8 మి.మీ. రాడ్డు. విజయవాడ ఆటోనగర్ పాత ఇనుము కొట్లలో ముక్క అర కిలోకి కాస్త ఎక్కువ తూగుతుంది. యాక్సిల్ ముక్క అంటగడితే మాత్రం వద్దనండి. ఆకురాయి జారిపోతుంటే అది మనకి పనికిరాదు.

ఈ కొలతలు 25 మి.మీ. వ్యాసం, 9 మి.మీ. మందం ఉన్న డైకి. అంగుళాల సైజు డైలూ దొరుకుతాయి కాబట్టి మీ డైని వెర్నియర్‌తో కొలిచాకే మొదలుపెట్టండి.

ముక్కని చక్‌లో (పట్టి తిప్పే దవడల్లో) బిగించి ఫేసింగ్ చేయండి, అంటే ముఖం చదును చేయండి. సెంటర్ డ్రిల్, తర్వాత 6, 10, 16 మి.మీ. డ్రిల్లులు ఆ చివరిదాకా. బయట నునుపు చేయడం షోకే, పనికి అక్కర్లేదు.

ఇక అందరూ చెడగొట్టేది ఇక్కడే. ఆర్బర్ మీద జారే 18 మి.మీ. బోరూ (నడిమి రంధ్రం), డై కూర్చునే గుంటా ఒకే పట్టులో అవ్వాలి. బోరు చేసి, ముక్క తిప్పి బిగించి, రెండో వైపు గుంట తీస్తే త్రీ జా చక్ రెండోసారి అదే సెంటర్‌కి పట్టదు. ఆ తేడా అంతా థ్రెడ్‌లోకి వస్తుంది. చక్ దవడలు ఒకసారి బిగించారంటే రెండూ పూర్తయ్యేదాకా కీ ముట్టుకోవద్దు.

బోరింగ్ బార్ 12 మి.మీ. ఉండాలి. సన్నది వేస్తే వణికి లోపల అలలు పడతాయి. చివరి కోత తర్వాత డయల్ కదపకుండా అదే సెట్టింగ్‌లో ఇంకో రెండుసార్లు నడపండి. బార్ వంగి వదిలేసిన లోహం అప్పుడు రాలుతుంది. గుంట 25.1 వ్యాసం, 9 లోతు. టూల్ ముక్కు గుండ్రంగా ఉంటుంది కాబట్టి గుంట మూలలో కొంచెం లోహం మిగులుతుంది. డై అంచు దానిమీద ఎక్కి కూర్చుంటే ఇంత కష్టమూ వృథా. సన్నని టూల్‌తో ఆ మూలని కాస్త లోపలికి తీసేయండి. డై వెనక కాటుక పలచగా రాసి గుంటలో నొక్కి చూడండి. మచ్చ చుట్టూ సమంగా పడాలి, ఒక పక్కే పడితే డై ఇంకా ఒరిగి ఉన్నట్టే.

వేడి మీద కొలవద్దు. ముక్క 40 డిగ్రీలు వేడెక్కితే 18 మి.మీ. బోరు దాదాపు 0.008 మి.మీ. పెద్దదిగా కనిపిస్తుంది. బోరుకీ ఆర్బర్‌కీ మధ్య మనం వదిలే సందే 0.03. మే నెలలో రేకుల షెడ్డు కింద చల్లారడానికి అరగంట పట్టినా ఆగాల్సిందే.

బోరు అయ్యాకే ఆర్బర్ సంగతి. ఈ వరస తిరగేయకండి, బయటి వ్యాసం సరిచేయడం తేలిక, లోపలిది కష్టం. స్పిండిల్‌లో తగిన స్లీవ్ వేసి ఆర్బర్ దిగగొట్టి, రెండో చివర టెయిల్‌స్టాక్ సెంటర్ ఆనించి, బోరు కన్నా 0.03 తక్కువకి టర్నింగ్ చేయండి. నూనె రాస్తే బాడీ (బోరు చేసిన ముక్క) దాని మీద తడబడకుండా జారాలి.

గ్రబ్ స్క్రూ రంధ్రాలు ముఖం నుంచి 4.5 మి.మీ. లోపలికి వస్తాయి. డై మీద ఉన్న గుంటలకి ఎదురుగా మార్క్ చేసి 4.2 డ్రిల్, ఎం5 ట్యాప్ (రంధ్రం లోపల థ్రెడ్ కోసే పనిముట్టు). డై చీలికలోకి దిగేది డైని తెరుస్తుంది, పక్కవి రెండూ మూస్తాయి. హ్యాండిల్‌కి 6.8 డ్రిల్, ఎం8 ట్యాప్. బోరులో లేచిన బరక గీకేయండి.

ఎం8 థ్రెడ్‌కి రాడ్డు 7.9కి తెచ్చి, మొన వాలు చేసి, కటింగ్ ఆయిల్ వేయండి. మోటారు ప్లగ్గు తీసేసి చక్‌ని చేత్తోనే తిప్పాలి: అర చుట్టు ముందుకి, పావు వెనక్కి. థ్రెడ్ 20 మి.మీ. దాటేలా ఉంటే మధ్యలో ఆగి టెయిల్‌స్టాక్‌ని ముందుకి జరపండి, లేకపోతే బాడీకి ఆర్బర్ మీద పట్టు చాలదు.