చర్చిల్ 1940 జూన్ 4 ప్రసంగాన్ని పైకి చదవాలంటే

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ ప్రధాని చర్చిల్ చేసిన ప్రసంగమిది. నా దగ్గరికి వక్తృత్వం నేర్చుకోవడానికి వచ్చే పిల్లలంతా అందులోని "సముద్రతీరాల్లో పోరాడతాం" దగ్గరే మొదలుపెడతామంటారు. నేను ఒప్పుకోను. ముందు మొత్తం ప్రసంగం చదవండి. అందులో ఎక్కువ భాగం ఓటమి లెక్కే: 30,000 మందికి పైగా చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు, జాడ తెలియనివాళ్లు, పోగొట్టుకున్న ఫిరంగులు దాదాపు వెయ్యి. జర్మన్ సేనలు చుట్టుముట్టిన ఫ్రాన్స్ రేవు డన్‌కర్క్ నుంచి 3,38,000 మంది సైనికులు బయటపడ్డారని దేశం ఊపిరి పీల్చుకుంటుంటే, వెనక్కి రావడంతో యుద్ధాలు గెలవలేమని చర్చిల్ బ్రిటన్ పార్లమెంటు దిగువ సభ కామన్స్‌లోనే చెప్పాడు. ఈ భాగాన్ని లెక్కలు అప్పజెప్పినట్టు, ఆవేశం లేకుండా చదవాలి.

ఇక ఆ పేరుమోసిన వాక్యాలు. వరస గమనించండి: ఫ్రాన్స్, సముద్రాలు, ఆకాశం, తీరాలు, విమానాలు దిగే చోట్లు, పొలాలు, వీధులు, కొండలు. శత్రువు ఒక్కో అడుగూ లోపలికి వస్తున్నాడన్నమాట! అందుకే అరవకండి. గొంతు మెట్టుమెట్టుగా బిగించండి. "ఎన్నటికీ లొంగిపోం" ముందు ఒక్క శ్వాస ఆగండి.

అక్కడితో ఆపేస్తారు చాలామంది. నాకు అది అన్యాయంగా అనిపిస్తుంది. ఈ దీవి శత్రువు చేతికి చిక్కినా సముద్రాల అవతలి సామ్రాజ్యం పోరాడుతుందని ఆ వాక్యం ఇంకా సాగుతుంది. డన్‌కర్క్ దగ్గర భారత సైన్యపు కంచరగాడిదల దళాలూ ఉన్నాయి కాబట్టి ఆ మాట నేను తప్పకుండా చదివిస్తాను.

రికార్డింగును అనుకరించొద్దు. ఆ గొంతు 1949లో రికార్డు చేసింది. సభలో పలికింది కాదు.