60వది లాంటి పెద్ద పుట్టినరోజుకు కారులో సముద్ర తీరాలకు వెళ్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

రాత్రంతా డ్రైవ్ చేసి పుట్టినరోజు పొద్దునకి చేరే ప్లాన్ వద్దు. అర్ధరాత్రి దాటాక నిద్ర ముంచుకొస్తుంది. కిటికీ అద్దం దించినా, పాటలు పెట్టినా ఆగదు. ఒక రోజు ముందే చేరండి. రెండు గంటలకోసారి పావుగంట ఆగండి, డ్రైవింగ్‌కి ఇంకొకరు ఉంటే మరీ మంచిది.

టైరు ఎంత అరిగిందన్నదే కాదు, వయసూ చూడండి. టైరు పక్కభాగం మీద DOT అనే అక్షరాలతో మొదలయ్యే కోడ్ చివర 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారీ. అరగకపోయినా రబ్బరు పాతబడుతుంది.

ఆటుపోట్ల వేళలు ముందే రాసుకోండి. చాలా తీరాల్లో పోటుకీ పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు, అంటే నిన్నటి టైము ఇవాళ పనికిరాదు. తడి ఇసుక మీద కారు ఆపొద్దు.

లైఫ్‌గార్డ్ ఉన్నచోటే నీళ్లలోకి దిగండి. అలలు విరగకుండా ప్రశాంతంగా కనిపించే నీటి పాయే మనల్ని సముద్రం లోపలికి లాగేది కావచ్చు. లాగితే ఎదురీదకుండా ఒడ్డుకు సమాంతరంగా ఈదాలి. పిల్లలకు ఇది బయల్దేరే ముందే చెప్పండి.

మందులు డిక్కీలో పెట్టొద్దు, ఎండకి పాడవుతాయి.

ఊళ్ల లిస్టు తగ్గించండి. మా అమ్మ 60వ పుట్టినరోజుకి నాలుగు ఊళ్లు తిప్పాం. ఆమె ఇప్పటికీ చెప్పేది ఒక్క సాయంత్రమే: చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, నా భుజం మీద చెయ్యేసి, మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడింది.