పిట్టల వేటకు షాట్‌గన్ కొంటున్నారా? ముందు ఇవి చూడండి

సీజన్ దగ్గర పడింది. కౌజు, గువ్వ లాంటి చిన్న పిట్టలకు తుపాకీ ఎంచుకునేవాళ్ల కోసం:

- గేజ్ (బ్యారెల్, అంటే తుపాకీ గొట్టం లోపలి వెడల్పు; అంకె పెద్దదైతే గొట్టం సన్నం): ఇంట్లో ఇప్పటికే ఒక తుపాకీ ఉంటే వేరే గేజ్ తీసుకునే ముందు ఆలోచించండి. 12 గేజ్‌లో పొరపాటున 20 గేజ్ తూటా వేస్తే లోపలికి జారి ఇరుక్కుంటుంది. పేలలేదనుకుని వెనకే 12 తూటా పెట్టి కాల్చారా, బ్యారెల్ బద్దలే. చేతివేళ్లు పోతాయి.

- ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) పొడవు: బ్యారెల్ మీద చెక్కి ఉంటుంది. 70 మి.మీ. దాంట్లో 76 మి.మీ. తూటా కూడా పట్టేస్తుంది, అదే చిక్కు. కాల్చినప్పుడు లోపల ఒత్తిడి పెరిగిపోతుంది.

- అమరిక: ఖాళీ తుపాకీని వేటకోటుతోనే, కళ్లు మూసుకుని భుజానికెత్తి, అప్పుడు కళ్లు తెరవండి. బ్యారెల్ పక్కకు కనబడితే స్టాక్ (భుజానికి ఆనే వెనక భాగం) మీకు కుదరలేదు.

- చోక్ (గుళ్లు ఎంత చెదరాలో నిర్ణయించే బ్యారెల్ మూతి బిగువు): బాగా బిగువైన ఫుల్ వద్దు. దగ్గర్లో లేచే పిట్టకు కొద్ది బిగువే ఉండే ఇంప్రూవ్డ్ సిలిండర్ చాలు.

- పాత తుపాకీ: స్టీల్ గుళ్లు కాల్చడానికి పనికొస్తుందో లేదో గన్‌స్మిత్‌కు (తుపాకులు బాగుచేసేవారికి) చూపించాకే డబ్బివ్వండి.