డాలస్‌లో ఇంటి ముందు ఓక్ వేయాలా, మాగ్నోలియా వేయాలా? కింద ఏం రాలుద్దో చూసి తేల్చుకోండి

అమెరికాలో టెక్సస్‌లోని డాలస్ పక్కన, మా ఫ్రిస్కో, ప్లానో, మెకిన్నీ వైపు కొత్త ఇల్లు కొన్నవాళ్ళు గృహప్రవేశం అయిన నెలకే అడుగుతారు, ముందు ఓక్ వేద్దామా మాగ్నోలియా వేద్దామా అని. అడిగేసరికే మనసు మాగ్నోలియా మీద ఉంటుంది లెండి. మే నెలలో నర్సరీకి వెళ్ళి పళ్ళెమంత తెల్లటి పువ్వు, నిమ్మకాయ వాసన, పైన నూనె రాసినట్టు మెరిసే ఆకు చూశాక ఎవరైనా పడిపోతారు, నేనూ అలా పడిపోయినోణ్ణే. ఎనిమిదేళ్ళ తర్వాత చెప్తున్నా, పువ్వు కోసం కొంటాం కానీ మనం కాపురం చేసేది కింద రాలిపడే ఆకుతో.

అసలు ఈ రెండూ మనకి కొత్తవేం కాదు. మన సంపెంగ మాగ్నోలియానే, శాస్త్రీయంగా పేరే మాగ్నోలియా చంపకా (నేల సంపెంగ, ఆకు సంపెంగ మాత్రం వేరే జాతులు, పేరొక్కటే కలిసింది). ఇక ఓక్ అంటే, చిన్నప్పుడు అమ్మమ్మ సాన మీద అరగదీసిన మాచికాయ గుర్తుందా, అది కాయ కాదు, కందిరీగల చుట్టం లాంటి బుల్లి పురుగు ఓక్ కొమ్మలో గుడ్డు పెడితే దాని చుట్టూ చెట్టు కట్టే బుడిపె. ఆ ఓక్ ఇరాన్, టర్కీ వైపుది. ఇక్కడ పెరిగే లైవ్ ఓక్ అనే రకం మీద కూడా ఇలాంటి గుండ్రటి బుడిపెలొస్తాయి, చూసి కంగారుపడి మందు కొట్టించకండి, చెట్టుకేం కాదు.

ముందు మట్టి చూడండి, సగం నిర్ణయం అక్కడే అయిపోద్ది. డాలస్ చుట్టుపక్కలది అచ్చం మన నల్లరేగడే, వానొస్తే చెప్పుకి అరకిలో అంటుకుంటుంది, ఆగస్టులో చెయ్యి దూరేంత బీటలేస్తుంది, పైగా సున్నం ఎక్కువ. మాగ్నోలియాకి కాస్త పులుపు మట్టి, అంటే ఆమ్లగుణం ఉన్న మట్టి కావాలి. సున్నం నేలలో ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు, అప్పుడు ఆకు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా మిగుల్తాయి. మా చెట్టుకి రెండో ఏడు అదే అయింది, నేనేమో నీళ్ళు చాల్లేదనుకుని ఇంకా పోశాను, ఇంకా పాడైంది. ఓక్‌లో లైవ్ ఓక్, బర్ ఓక్, చింకాపిన్ ఓక్ అనే రకాలకి ఈ నేలతో పేచీ లేదు. అదే మీరు తూర్పు టెక్సస్‌లోనో అట్లాంటా వైపో ఉంటే లెక్క తిరగబడుద్ది, అక్కడి పులుపు మట్టిలో మాగ్నోలియా దాని పుట్టింట్లో ఉన్నట్టే, మిసిసిపీకి అది రాష్ట్ర చెట్టు కూడా.

నీళ్ళు దిగుతాయో లేదో మీరే చూస్కోవచ్చు. అడుగు లోతు గొయ్యి తవ్వి నిండా నీళ్ళు పొయ్యండి, ఇంకిపోయాక మళ్ళీ నింపండి, మర్నాడు పొద్దున్నకి కూడా నీళ్ళు నిలబడి ఉంటే అక్కడ మాగ్నోలియా మాట మర్చిపోండి.

తర్వాత సైజు. లైవ్ ఓక్ 40 నుంచి 80 అడుగుల ఎత్తు, కానీ అసలు సంగతి వెడల్పు, 60 నుంచి 100 అడుగులు కూడా పోద్ది. బిల్డర్లు మాత్రం 50 అడుగుల లాట్‌లో సైడ్‌వాక్ పక్కన ఓ లైవ్ ఓక్ పాతేసి వెళ్ళిపోతారు, ఇరవై ఏళ్ళకి ఆ కాంక్రీటు లేస్తుంది. ఇంటికి కనీసం 25 అడుగులు వదలండి, అంత చోటు లేకపోతే వద్దు. మామూలు సదరన్ మాగ్నోలియా 60 నుంచి 80 అడుగుల ఎత్తు, 30 నుంచి 50 వెడల్పు, అదీ చిన్నదేం కాదు. చిన్న యార్డ్‌కి లిటిల్ జెమ్ అనే రకం తీసుకోండి, 20 అడుగుల దగ్గర ఆగుతుంది, వెడల్పు 10 నుంచి 15, చిన్న వయసులోనే పూస్తుంది. గింజ నుంచి వచ్చిన మామూలు మొక్కైతే మొదటి పువ్వుకి పదేళ్ళు దాటినా దాటొచ్చు.

ఇప్పుడు కింద రాలిపడేదాని సంగతి. లైవ్ ఓక్‌ని ఎవర్‌గ్రీన్ (ఏడాదంతా పచ్చగా ఉండేది) అంటారు గానీ మార్చిలో పాతాకు మొత్తం దులిపేసి కొత్తది తొడుక్కుంటుంది, వెనకాలే పసుప్పచ్చ పూత జడకుచ్చుల్లా వేలాడి కారు మీద, గుమ్మం ముందు, ముక్కులో అంతా పుప్పొడే, ఎలర్జీ ఉన్నోళ్ళకి ఆ మూడు వారాలు నరకం, ఆకురాలు కాలంలో కాయలు. కానీ ఆ ఆకు చిన్నది, మోవర్ (గడ్డి కోసే మెషీన్) కిందకి పోతే పొడైపోద్ది. మాగ్నోలియా ఆకు అలా కాదు, అప్పడంలా ఎండి జానెడు పొడవుంటుంది, మోవర్‌కి లొంగదు, త్వరగా కుళ్ళదు, ఏడాదంతా ఎన్నో కొన్ని రాల్తూనే ఉంటాయి, రాత్రిపూట గాలికి డ్రైవ్‌వేలో బరబరా ఈడ్చుకుంటూ పోతుంటే మొదటి ఏడు మా ఆవిడ ఎవరో నడుస్తున్నారని రెండుసార్లు లేపింది. దీనికి ఒక ఉపాయం ఉంది, కింది కొమ్మలు కొట్టకండి. నేల దాకా వదిలేస్తే రాలినాకు ఆ పావడా లోపలే పడి అక్కడే ఉండిపోతుంది, మీరు ఊడ్చక్కర్లేదు. నీట్‌గా ఉంటుందని కొమ్మలు నరికి కాండం చూపించారో, ఇక జన్మంతా చీపురే. ఎలాగూ ఆ నీడలో లాన్‌లో వేసే బెర్ముడా గడ్డి బతకదు.

ఓక్‌కి అసలు భయం ఓక్ విల్ట్ అనే తెగులు, టెక్సస్‌లో ఇది చిన్న విషయం కాదు. ఒక రకం బూజు, తాజా గాయం మీద వాలే బుల్లి పురుగులు మోసుకొస్తాయి, తర్వాత పక్కపక్క చెట్ల వేళ్ళు కలిసిపోయి ఉంటాయి కాబట్టి నేల లోపల్నించే వీధంతా పాకుద్ది. అందుకే ఫిబ్రవరి నుంచి జూన్ చివరిదాకా ఓక్ కొమ్మ కొట్టొద్దు, ఎప్పుడు కొట్టినా వెంటనే ఆ గాయానికి పెయింట్ వెయ్యాలి. మార్చిలో తలుపు కొట్టి చవగ్గా ట్రిమ్ చేస్తామనేవాళ్ళని వాకిట్లోంచే పంపెయ్యండి. రెడ్ ఓక్‌లకి ఇది సోకితే వారాల్లోనే పోతాయి, లైవ్ ఓక్‌కీ ప్రమాదమే, బర్ ఓక్, చింకాపిన్ చాలావరకు తట్టుకుంటాయి.

నాటేది అక్టోబర్ నుంచి ఫిబ్రవరి లోపు, ఎండాకాలం ముందే వేరు పట్టాలి కదా. తవ్వే ముందు కొన్ని రోజుల ముందుగా 811కి ఫోన్ చెయ్యండి, ఫ్రీగా వచ్చి గ్యాస్, కరెంట్ లైన్లు మార్క్ చేసి పోతారు, హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళవాళ్ళ సంఘం) పర్మిషన్ కూడా అప్పుడే అడిగెయ్యండి. గొయ్యి వెడల్పు వేరుముద్దకి రెండు మూడు రెట్లు, లోతు మాత్రం ముద్ద ఎంతుంటే అంతే, ఇంచు కూడా ఎక్కువొద్దు. కాండం అడుగున వేళ్ళు విచ్చుకునే ఉబ్బు ఉంటుంది చూడండి, అది పైకి కనపడాలి. కుండీ మట్టి చాలాసార్లు దాన్ని కప్పేసి ఉంటుంది, గీకి వెతకండి. మా మొదటి మాగ్నోలియాని నాటినతను నాలుగు ఇంచులు లోతుగా పెట్టాడు, నాకూ తెలీదు, పైగా గట్టిగా నిలబడిందని టిప్ కూడా ఇచ్చా! మూడేళ్ళు గింజుకుని పోయింది పాపం. గుండ్రంగా చుట్టుకున్న వేళ్ళుంటే కోసెయ్యండి, కానీ మాగ్నోలియా వేళ్ళు మెత్తగా కండగా ఉంటాయి, చేయి తేలిగ్గా పెట్టండి, నాటాక మళ్ళీ చోటు మార్చే ఆలోచన పెట్టుకోకండి. తవ్విన మట్టినే తిరిగి వెయ్యండి, గోతిలో సంచులకొద్దీ కంపోస్టు నింపితే నల్లరేగడిలో అది తొట్టిలా నీళ్ళు పట్టేస్తుంది. పైన మల్చ్ (చెక్కపొట్టు లాంటి కప్పు) మూడు ఇంచులు, కాండానికి తగలకుండా.

నీళ్ళు రోజూ చిలకరించడం కాదు, మొదటి రెండు వేసవులు వారానికి ఒకట్రెండు సార్లు హోస్ సన్నగా వదిలేసి లోపలిదాకా తడపాలి. లాన్ స్ప్రింక్లర్ తడి గడ్డికి సరిపోద్ది, చెట్టుకి కాదు.

నన్నడిగితే, డాలస్‌లో ఒక్క చెట్టుకే చోటుంటే వెనక పడమటి వైపు చింకాపిన్ ఓక్, సాయంత్రం ఎండ గోడ మీద పడకుండా ఆపుద్ది, ఏసీ బిల్లు దగ్గర తెలుస్తుంది. రెండోదానికి చోటుంటే కిటికీకి పదడుగుల దూరంలో లిటిల్ జెమ్. లైవ్ ఓక్ పెద్ద లాట్ ఉన్నవాళ్ళకే.

పోయిన మే నెలలో అమ్మ వచ్చినప్పుడు పూజకని మాగ్నోలియా పువ్వు కోసింది, రేకు మీద వేలు తగిలిన చోటల్లా గంటల్లో గోధుమరంగు మచ్చ. "వాసన బానే ఉంది, సంపెంగ కాదు" అంది. అందుకని ఇప్పుడు కుండీలో సంపెంగ కూడా ఉంది, ఇక్కడి చలికి నేలలో బతకదు, నవంబర్ రాగానే ఇద్దరం కలిసి గరాజ్‌లోకి జరపాలి, ఆ నాలుగు నెలలూ కారు బయటే.