బెట్ కొట్టాలా, చెక్ చేయాలా: నో లిమిట్ పోకర్ క్యాష్ గేమ్‌లో ఎలా తేల్చుకోవాలి

పోకర్ (ఒక్కొక్కరి చేతిలో రెండు కార్డులు, బోర్డ్ మీద అందరికీ కలిపి ఐదు కార్డులు ఉండే ఆట) కొత్తగా ఆడేవాళ్ళు చాలామంది హ్యాండ్ బాగుంటే బెట్ (పందెం), బాలేకపోతే చెక్ (పందెం కాయకుండా వదిలేయడం), అంతే చూస్కుంటారు. కానీ చిప్స్ ముందుకు తోసే ముందు వేసుకోవాల్సిన ప్రశ్నలు రెండు: నాకన్నా తక్కువ హ్యాండ్ ఏది నా బెట్‌ని కాల్ చేస్తుంది (అంతే డబ్బు పెట్టి ఆటలో ఉంటుంది), నాకన్నా పెద్ద హ్యాండ్ ఏది ఫోల్డ్ అవుతుంది (కార్డులు వదిలేస్తుంది)? ఊరికే "ఏదో ఒకటి ఉంటుందిలే" అంటే కుదరదు, కింగ్-పది అనో తొమ్మిదుల పెయిర్ అనో పేరు పెట్టి చెప్పగలగాలి. రెండిట్లో దేనికీ పేరు రాలేదా, చాలావరకు చెక్ చేసేయడమే.

ఉదాహరణకి మీ దగ్గర క్వీన్స్ పెయిర్ ఉంది, ఫ్లాప్‌లో (బోర్డ్ మీద మొదట తెరిచే మూడు కార్డుల్లో) ఏస్-7-4 మూడు వేర్వేరు రంగుల్లో (ఇస్పేట్, ఆటీన్ లాంటివి) వచ్చింది, ఎదురుగా ఒక్కడే. పెద్ద బెట్ కొడితే ఏస్ ఉన్నోడు పోడు, లేనోడు ఉండడు. చెక్ చేస్తే ఫ్రీ కార్డ్ (డబ్బు పెట్టకుండానే తర్వాతి కార్డు) ఇచ్చేస్తున్నామని భయమేస్తుంది గానీ, వాడి దగ్గర పదుల పెయిర్ ఉంటే వాడికి పనికొచ్చే కార్డులు డెక్కులో రెండే రెండు. ఆ మాత్రం దానికి కంగారక్కర్లేదు. పైగా మీరు చెక్ చేశారు కదా అని వాడు టర్న్‌లో (నాలుగో కార్డు దగ్గర) బ్లఫ్ చేయొచ్చు (హ్యాండ్ లేకపోయినా ఉన్నట్టు బెట్ కొట్టొచ్చు), లేదా రివర్‌లో (ఐదో, ఆఖరి కార్డు దగ్గర) మీ చిన్న బెట్‌ని అనుమానంతో కాల్ చేయొచ్చు.

అదే తొమ్మిదుల పెయిర్‌తో 8-5-2 ఫ్లాప్ వస్తే మాత్రం బెట్ కొట్టాలి. అవతల క్వీన్-జాక్ ఉన్నోడికి ఇంకా 6 కార్డులున్నాయి, రివర్ దాకా ఫ్రీగా చూడనిస్తే దాదాపు 24 శాతం సార్లు మిమ్మల్ని దాటేస్తాడు, అలాంటోడు ఇప్పుడే ఫోల్డ్ అయిపోయినా మనకి లాభమే, 8 ఉన్నోడు కాల్ చేసినా లాభమే. అంటే మనకన్నా తక్కువ హ్యాండ్ ఫోల్డ్ అయినా లాభం రావడం, నేను పైన చెప్పిన రెండు ప్రశ్నలకి ఒక మినహాయింపు అన్నమాట. కాకపోతే రివర్‌లో ఇది పనిచేయదు, అక్కడ ఇంక రావాల్సిన కార్డే లేదు కదా.

రివర్‌లోనే ఎక్కువ డబ్బు పోయేది, కాబట్టి కాస్త లెక్క చూద్దాం. మీది కింగ్-జాక్, బోర్డ్ కింగ్-8-3-2-2, ఫ్లష్‌కి (ఒకే రంగు కార్డులు ఐదు) అవకాశం లేదు. మీరు ఫ్లాప్‌లో బెట్ కొట్టారు, వాడు కాల్ చేశాడు, టర్న్‌లో ఇద్దరూ చెక్, రివర్‌లో వాడు మళ్ళీ చెక్ చేశాడు. మిమ్మల్ని గెలిచేవి: కింగ్-క్వీన్ 8 రకాలుగా రావచ్చు, 8ల పెయిర్ 3, 3ల పెయిర్ 3, మొత్తం 14. ఏస్-కింగ్ ఉంటే ఫ్లాప్‌కి ముందే మళ్ళీ రెయిజ్ చేసేవాడు (బెట్ పెంచేవాడు), కింగ్-8 లాంటివి కొన్నే కాబట్టి పక్కన పెడదాం. మీకు ఓడేవి: కింగ్-పది 8, కింగ్-తొమ్మిది 8, పదుల పెయిర్ 6, తొమ్మిదుల పెయిర్ 6, మొత్తం 28. చూడ్డానికి రెట్టింపు ఉన్నట్టుంది గానీ పెద్దవన్నీ కాల్ చేస్తాయి, చిన్నవాటిలో సగమే కాల్ చేస్తే 14కి 14, చెక్ చేసినా ఒకటే. సగం దాటితేనే బెట్‌లో లాభం. అందుకే ఇక్కడ పాట్‌లో (మధ్యలో పోగైన డబ్బులో) మూడో వంతు లాంటి చిన్న బెట్ నాకు నచ్చుతుంది, పాట్ అంత కొడితే పదుల పెయిర్ ఉన్నోడు పారిపోతాడు, మనం కోరుకునేది వాడినే కదా.

బ్లఫ్‌కి లెక్క ఇంకా సులువు. పాట్ 100 ఉంటే 50 బెట్ కొట్టి నష్టపోకుండా ఉండాలంటే వాడు 3 సార్లలో 1 సారి ఫోల్డ్ అయితే చాలు, 100 కొడితే 2 సార్లలో 1 సారి ఫోల్డ్ అవ్వాలి. ఫ్లాప్‌లో ఫ్లష్ డ్రా (ఇంకొక్క కార్డు పడితే ఫ్లష్ అయ్యే హ్యాండ్) ఉంటే ఇంకా నయం, ఫోల్డ్ కాకపోయినా రివర్ దాకా వెళ్తే సుమారు 35 శాతం ఫ్లష్ పడుతుంది. డ్రా మిస్సయ్యాక రివర్‌లో బ్లఫ్ మాత్రం ఆలోచించి చేయండి: మీ చేతిలో రెండు ఇస్పేట్ కార్డులుంటే, ఇస్పేట్ డ్రా మిస్సయ్యి ఫోల్డ్ అయ్యే హ్యాండ్స్ వాడి దగ్గర ఉండే అవకాశం ఆ మేరకు తగ్గినట్టే.

ఎదురుగా ఇద్దరు ముగ్గురు ఫ్లాప్ చూస్తే బ్లఫ్ బాగా తగ్గించేయాలి. ఒక్కొక్కడూ 60 శాతం ఫోల్డ్ అయ్యేవాడే అనుకున్నా ఇద్దరూ కలిసి ఫోల్డ్ అయ్యేది 36 శాతమే.

ఇక పొజిషన్, అంటే ఎవరు ముందు ఆడతారు, ఎవరు తర్వాత అన్నది. ఫ్లాప్‌కి ముందు రెయిజ్ చేసినోడు మీ తర్వాత ఆడేవాడైతే మంచి హ్యాండ్‌తో కూడా చెక్ చేయొచ్చు, వాడు బెట్ కొడితే రెయిజ్ చేస్తారు. అయితే ఎప్పుడూ బెట్ కొట్టకుండా చెక్ చేసేవాడి మీద ఇది దండగ, నేరుగా బెట్ కొట్టాలి.

స్టాక్ (ఇంకా మిగిలున్న చిప్స్) కూడా చూస్కోవాలి. పాట్ 100, వెనకాల 150 మాత్రమే ఉంటే టాప్ పెయిర్‌తో (బోర్డ్‌లో అన్నిటికన్నా పెద్ద కార్డుతో పెయిర్) బెట్ కొడుతూ అన్నీ పెట్టేసినా పెద్ద తప్పుండదు, వెనకాల 1500 ఉంటే అదే హ్యాండ్‌తో ఒక స్ట్రీట్ (ఒక బెట్టింగ్ రౌండ్) చెక్ చేసి పాట్ చిన్నగా ఉంచడం మేలు.

ఇవన్నీ ఎదుటోడిని బట్టి మారతాయి. ఏదొచ్చినా కాల్ చేసేవాడుంటే బ్లఫ్ పూర్తిగా మానేసి, పైన కింగ్-జాక్ లాంటి హ్యాండ్‌తో టర్న్‌లో కూడా చెక్ చేయకుండా మూడు స్ట్రీట్లూ కొట్టుకుంటూ పోండి. ఎప్పుడూ రెయిజ్ చేయని పెద్దమనిషి ఉన్నట్టుండి రివర్‌లో రెయిజ్ చేస్తే మాత్రం ఆ కింగ్-జాక్ ఫోల్డ్ చేసేయండి.