గల్లాపెట్టె లెక్క కుదిరిన తీరు

బెంగళూరు మారతహళ్లిలో మేము నడుపుతున్న ఆంధ్రా భోజనశాలలో అమ్మకాలు పెరుగుతున్నా రాత్రి గల్లాపెట్టెలో డబ్బు తక్కువ పడుతుండేది. ఎవరినీ నిలదీయకుండా ముందు రద్దయిన బిల్లులు తిరగేస్తే, వాటిలో ఎక్కువ భాగం నగదు చెల్లించిన పార్శిల్ బిల్లులేననీ, అవి కొన్నవారు వెళ్లిపోయాకే రద్దయ్యాయనీ, అంటే వారిచ్చిన నగదు లెక్కలోకి రాకుండా పోతోందనీ తేలింది. అప్పటి నుంచి వంటగదికి వెళ్లిన టోకెన్ వంటమాస్టరు సంతకంతో వెనక్కి వస్తేనే బిల్లు రద్దు చేయాలన్న నియమం పెట్టాము. బిల్లు కొట్టే మనిషి, రాత్రి నగదు లెక్కపెట్టే మనిషి ఒకరే కాకుండా చూశాము. క్యూఆర్ కోడ్ మీద వేరొకరి స్టిక్కర్ అంటించే మోసాలూ ఉన్నాయి కనుక, రోజూ ఉదయం ఒక రూపాయి పంపి, అది మా ఖాతాకే చేరిందో లేదో చూసుకుంటున్నాము.

అన్నిటికంటే పనికొచ్చింది క్యాషియర్‌కు ఇచ్చే వారపు సెలవు. కర్ణాటకలో 1961 నాటి దుకాణాల చట్టం ప్రకారం అది ఎలాగూ ఇవ్వవలసినదే. ఆ రోజు గల్లా దగ్గర మరొకరు కూర్చుంటారు కాబట్టి, ఒక్కరి చేతిలోనే దాగిన తేడా బయటపడుతుంది.

ఈ నియమాలు నాకూ, మా తమ్ముడికీ కూడా వర్తిస్తాయని అందరి ముందూ చెప్పాము. ఏళ్లుగా నిజాయితీగా పనిచేస్తున్న మా పెద్ద క్యాషియర్ గారు నొచ్చుకోలేదు సరికదా, టోకెన్ల కట్టను ఇప్పుడు ఆయనే స్వయంగా సరిచూసి నాకు అప్పగిస్తున్నారు.